మొదటి డికాషన్

ఆ తాటిమట్ట కొంచెం లోపలికి తొయ్యరా నాన్నా, నెగడు చల్లారిపోతోంది. ధనుర్మాసం చలి మాటలా? చిన్నదానికి ఆ శాలువా కప్పండి. ఏమడిగావే అమ్మలూ, మీ కాలంలో కాఫీ ఎలా పెట్టేవాళ్ళనే కదూ? చెప్తాను. కాఫీ సంగతి చెప్పాలంటే మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిణ్ణి వదిలేసి ఈ ముచ్చట చెప్పడం నాకు రాదు.

నేను కాపరానికి వచ్చింది తెనాలి పక్క పల్లెకి. మా పుట్టింట్లో కాఫీ లేదు. మా నాయనమ్మ పడనిచ్చేది కాదు. పొద్దున్నే చద్దన్నం, గట్టి పెరుగు, ఇంత మాగాయ ముక్క, అంతే. కాఫీ తాగితే పైత్యం చేస్తుందనీ, ఆ అలవాటు పట్టుకుంటే సంసారం గుల్లవుతుందనీ ఆవిడ గట్టి నమ్మకం. మగవాళ్ళు బస్తీకి వెళ్ళినప్పుడు హోటల్లో తాగొచ్చి, ఇంట్లో ఆ ఊసెత్తకుండా ఊరుకునేవాళ్ళు. అత్తవారింట్లో అలా కాదు. మా మామగారు మద్రాసులో చదువుకున్నారు. అప్పట్లో మన జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రం కిందే ఉండేవి కదా, కోర్టు పనికెళ్ళినా కాలేజీ చదువుకెళ్ళినా అటే వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు వస్తూ వస్తూ ఒక ఇత్తడి ఫిల్టరు, కాఫీ అలవాటు రెండూ తెచ్చుకునేవాళ్ళు. మన కోస్తా ఇళ్ళలోకి కాఫీ చాలావరకు ఆ దారినే వచ్చింది.

మామగారే మాకు బాబా బుడన్ కథ చెప్పేవారు. పదిహేడో శతాబ్దంలో ఆ మహానుభావుడు హజ్ యాత్రకి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు దగ్గర కొండమీద నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండల్ని ఇప్పటికీ బాబా బుడన్‌గిరి అంటారు. ఆ కథ చెప్పేటప్పుడు మామగారి చేతిలో ఎప్పుడూ కాఫీ గ్లాసు ఉండేది.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఇంట్లో పొడి కొనేవాళ్ళం కాదు. పచ్చి గింజలు కొనేవాళ్ళం. పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ‘ఏ’ రకం సగం. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలుంటాయి, ఒకదాని బల్లపరుపు వైపు రెండోదానికి ఆనుకుని. ఎప్పుడైనా ఒక్క గింజే పడితే అది గుండ్రంగా తయారవుతుంది, అదే పీబెర్రీ. గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూకుట్లో చక్కగా దొర్లి అన్నివైపులా సమంగా వేగుతుంది. అత్తగారు దాన్ని ఇష్టపడ్డది అందుకే.

వారానికి సరిపడా ఒకసారి వేయించేవారు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కుంపట్లో బొగ్గులు రాజేసి, మంట పూర్తిగా పోయి నిప్పులు ఎర్రబడేదాకా ఆగేవారు. పైన ఇనప మూకుడు, చేతిలో చెక్క తెడ్డు. పచ్చి గింజకి కాఫీ వాసన ఉండదే అమ్మలూ, ఎండుగడ్డి వాసన వస్తుంది. తెడ్డు ఆపకుండా తిప్పుతుంటే మొదట పసుపు తిరుగుతాయి, ఆ తరవాత గింజ ఉబ్బి చిటపటమంటుంది. ఆ చప్పుడు మొదలైందంటే ఇక అత్తగారు మాట్లాడరు, ఎవర్నీ మాట్లాడనివ్వరు. చెవి మూకుడు మీదే. చప్పుడు తగ్గి, గింజ ఎండు ఖర్జూరం రంగుకి వచ్చి, పైన ఇంకా నూనె మెరుపు రాకముందే ఒక చుక్క నెయ్యి వేసి రెండు తిప్పులు తిప్పి, చేటలోకి గుమ్మరించేవారు. దించినంత మాత్రాన వేగడం ఆగదు, లోపలి వేడికి గింజ ఇంకా మాడుతూనే ఉంటుంది. వెంటనే విసనకర్ర పట్టాలి. ఆ విసరడం నా పని. గింజలనంటుకున్న పల్చటి పొట్టు వాకిలంతా ఎగిరేది, వీధి చివర దాకా వాసన వెళ్ళేది. "ఇవాళ మీ ఇంట్లో కాఫీ వేయించారా వదినా" అని ఎవరో ఒకరు గుమ్మంలోకి రాకుండా ఉండేవారు కాదు.

వేయించిన గింజని ఆ పూటే మరాడనిచ్చేవారు కాదు. డబ్బాలో పోసి ఒక రాత్రి ఉంచాలి. అప్పుడే వేగిన గింజ లోపల గాలి పట్టి ఉంటుంది, ఆ పొడి మీద వేణ్ణీళ్ళు పోస్తే బుసబుసా పొంగి నీళ్ళు పొడిలోకి దిగకుండా పక్కలకి పోతాయి. గోడకి బిగించిన చేతి మర ఉండేది మాకు. పిల్లలు పోటీపడి తిప్పేవాళ్ళు. పొడి బొంబాయి రవ్వకన్నా సన్నంగా, గోధుమపిండికన్నా బరకగా ఉండాలి. మరీ మెత్తనైతే ఫిల్టరు పట్టేస్తుంది, మరీ బరకైతే నీళ్ళు గబగబా దిగిపోయి డికాషన్ పల్చబడుతుంది. ఏ పూటది ఆ పూటే. మర ఆడించిన పొడి గాలి తగిలిందంటే దానిలోని నూనె చెడి, వాసన పోతుంది. మీరు వేయించలేకపోయినా, మర ఆడించలేకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొట్లో మీ కళ్ళముందు ఆడించిన పొడి చిన్న పొట్లం కొనుక్కోండి, మూత బిగువైన డబ్బాలో పోసుకోండి, పదిహేను రోజుల్లో అవగొట్టండి. నెలకి సరిపడా కిలో పొడి కొనుక్కుని పండగలొచ్చేదాకా దాచుకుంటే మంచి కాఫీ ఎక్కణ్ణించి వస్తుంది?

చికోరీ సంగతి కూడా చెప్పమంటావా? చికోరీ కాఫీ కాదు, ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. కాఫీలో ఉండే కెఫీన్ దాన్లో ఉండదు. రంగునిస్తుంది, చిక్కదనం ఇస్తుంది, డికాషన్ నెమ్మదిగా దిగేలా చేస్తుంది. అత్తగారు నూటికి పదిహేను పాళ్ళు మించనిచ్చేవారు కాదు. ఇరవై దాకా నాకూ అభ్యంతరం లేదు, పాలు చిక్కగా పోసుకునే ఇంట్లో అది బాగానే కుదురుతుంది. అంతకు మించితే మీరు తాగేది చికోరీ, కాఫీ కాదు. చట్టం ప్రకారం ఆ మిశ్రమంలో 51 శాతం కాఫీ ఉండాలి, పాకెట్టు మీద ఎంతెంతో రాయాలి. తిప్పి చూసి కొనుక్కోండి. ఈ కాలంలో చదువుకున్న పిల్లలు కూడా అది చూడరు, నాకు బాధగా ఉంటుంది.

విడిగా అమ్మే పొడిలో కల్తీ కూడా ఉండేది. చింతగింజలు మాడ్చి పొడి చేసి కలిపేవాళ్ళు. చికోరీ ఎంతుందో కనిపెట్టడానికి మామగారు ఒక పని చేసేవారు. గాజుగ్లాసులో చన్నీళ్ళు పోసి పైన చిటికెడు పొడి జల్లేవారు. కాఫీ పొడి పైనే తేలుతుంది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగిపోతుంది. ఆ చారలు చూడ్డానికి పిల్లలంతా గ్లాసు చుట్టూ మూగేవాళ్ళు. రేపు చేసి చూపిస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల కబుర్లు అత్తగారు చెప్పేవారు. పంచదార దొరక్క అందరూ బెల్లం కాఫీకి దిగారట. బెల్లం పాలల్లో వేసి కాచితే విరిగిపోతాయి. అందుకని గ్లాసు అడుగున బెల్లం తురుము వేసుకుని, కాచి దించిన కాఫీ పైన పోసుకునేవాళ్ళు. ఆ యుద్ధంలోనే ఐరోపా బజార్లు మూతపడి మన తోటల సరుకు నిలిచిపోయింది. 1942లో సర్కారు చట్టం చేసి, తోటలవాళ్ళు పండించిందంతా కాఫీ బోర్డుకి అప్పగించేలా ఏర్పాటు చేసింది. అది తొంభైల దాకా నడిచింది. బయట అమ్ముడుపోని సరుకు దేశంలోనే తాగించాలని కాఫీ హౌసులు పెంచారు. 1957లో వాటిని మూసేస్తామంటే పనివాళ్ళు ఊరుకోలేదు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ గారు వెనక నిలబడి వాళ్ళచేత సహకార సంఘాలు పెట్టించారు. తలపాగా పెట్టుకుని కాఫీ తెచ్చిచ్చే ఆ పనివాళ్ళే యజమానులయ్యారు. నాకు ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఫిల్టరు దగ్గరికి వద్దాం. మాది ఇత్తడిది, లోపల కళాయి. కళాయి వేసేవాడు ఊళ్ళోకి వచ్చినప్పుడు మొదట దాన్నే ఇచ్చేవాళ్ళం. కొలిమిలో కాల్చి నవసాగరం జల్లి, తగరం పూసి గుడ్డతో తుడిస్తే లోపలంతా తెల్లగా మెరిసేది. స్టీలువి వచ్చాక ఆ బాధ తీరింది. ఏదైనా చిల్లులే ముఖ్యం. అవి పూడుకుపోతే పై గిన్నెని ఒట్టిగా మంట మీద పెట్టండి. ఇరుక్కున్న పొడి కాలి పొగ వస్తుంది, చల్లారాక తట్టి కడిగితే చిల్లులు తేటపడతాయి. వాసన సబ్బు మాత్రం తగలనివ్వకండి.

ఇద్దరు ముగ్గురికి గోపురంగా మూడు పెద్ద చెంచాల పొడి, ఒక గ్లాసు నీళ్ళు. పొడి వేసి పై గిన్నెని పక్కల మెల్లగా తట్టి సమం చెయ్యండి. పిడి ఉన్న చిల్లుల బిళ్ళని పైన ఆనించండి, నొక్కకండి. నొక్కితే పొడి గట్టిపడి నీళ్ళు దిగవు. నీళ్ళు తెర్లాక దించి, మరుగు ఆగేదాకా నిమిషం ఆగి పొయ్యండి. కుతకుతలాడే నీళ్ళు పోస్తే చేదు దిగుతుంది, చల్లారినవి పోస్తే పులుపు తగులుతుంది. మొదట పొడి తడిసేదాకా కొంచెం పోసి, అది ఉబ్బాక మిగతాది పిడి చుట్టూ తిప్పుతూ పొయ్యాలి. మూత పెట్టి వదిలెయ్యండి. పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. దిగడం లేదని కలియబెట్టే చెయ్యి ఒకటుంటుంది ప్రతి ఇంట్లోనూ, దాన్ని పట్టుకుని ఆపాలి. ఒక్కోసారి పొడి తప్పు కాదు, రెండు గిన్నెలూ గట్టిగా బిగుసుకుని కింది గిన్నెలో గాలి బయటికి పోయే దారి లేక చుక్క ఆగిపోతుంది. పై గిన్నె కాస్త లేపి మళ్ళీ పెడితే చాలు, దానంతటదే దిగుతుంది.

డికాషన్ని మాత్రం పొయ్యి మీద పెట్టొద్దు. చల్లారితే వేణ్ణీళ్ళ గిన్నెలో ఫిల్టరు అడుగు ఉంచండి. పాలు మొదటి పొంగువై ఉండాలి. మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు కాగిన పాలకి ఒక మాడు వాసన వస్తుంది, ఏ డికాషన్ పోసినా అది దాగదు. కిరసనాయిలు స్టవ్వులు వచ్చిన కొత్తల్లో ఆ వాసన పాలకి పట్టేది, అత్తగారు కాఫీ పాలకి మాత్రం బొగ్గుల కుంపటి వదల్లేదు. గ్లాసులో ముందు పంచదార, దానిమీద డికాషన్, ఆ పైన కాగే పాలు. గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి జానెడెత్తునుంచి రెండుసార్లు తిరగబోస్తే నురగ వస్తుంది. మూడోసారి పోస్తే చల్లారుతుంది.

ఇప్పుడు చెప్పేది వినండి. ఆ మొదటి డికాషన్ ఎవరిదనుకున్నారు? మామగారిది, మీ తాతగారిది, బావగార్లది, వచ్చిన చుట్టాలది. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండో డికాషన్ ఉంటుంది చూశారూ, పల్చగా, రంగు తప్ప మరేం లేనిది, అది ఆడవాళ్ళది. అత్తగారు, నేను, మా తోటికోడలు వంటింటి గడప దగ్గర కూర్చుని, అందరూ తాగాక మిగిలిన పాలు పోసుకుని తాగేవాళ్ళం. అప్పటికి పాలూ చల్లారేవి. ఉపవాసాలున్నా కాఫీకి మినహాయింపు ఉండేది కాబట్టి ఆ పల్చటి నీళ్ళే మాకు ఆధారం. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదది, అలా జరిగిపోతూ ఉండేది. కానీ జరిగిందని మంచిది అయిపోదు కదా.

పెళ్ళిళ్ళలోనూ అంతే. విడిదింటికి తెల్లారుజామున కాఫీలు వెళ్ళాలి. మూడింటికే లేచి గాడిపొయ్యి మీద గుండిగల్లో నీళ్ళు మరగబెట్టి, పొడిని గుడ్డమూట కట్టి దించి డికాషన్ తీసేవాళ్ళు. కాస్త ఆలస్యమైనా, పల్చనైనా మగపెళ్ళివారి అలక. పీటల మీద కూర్చునేదాకా కాఫీ గురించే మాట పడుతుందేమోనని ఆడపెళ్ళివారి గుండెల్లో గుబులు. పొయ్యి దగ్గర పొగలో ఉన్న ఆడవాళ్ళకి ఒక గుక్క దొరికేది పెళ్ళి అయిపోయాకే.

తరవాత మీ తాతగారికి హైదరాబాదు బదిలీ అయింది. అక్కడ ఎటు చూసినా ఇరానీ చాయ్. దాని రుచి దానిదే, నాకూ ఇష్టమే. పక్కవాటాలో వరంగల్ ఆవిడ ఉండేది. "అక్కా, మీ కాఫీ వాసనకే మా పిల్లలు లేస్తున్నరు" అనేది. నేను ఆవిడకి డికాషన్ నేర్పాను, ఆవిడ నాకు చాయ్ పెట్టడం నేర్పింది. అక్కడ మేమిద్దరమే కదా ఇంట్లో, తాతగారు ఒకనాడు నా గ్లాసు చూసి "అదేమిటి, నీది అంత తెల్లగా ఉంది?" అన్నారు. అన్నేళ్ళుగా ఆయన చూడలేదు. చెప్పాను. మర్నాటినుంచి పొడి ఇంకో చెంచా ఎక్కువ వెయ్యమన్నారు, రెండు గ్లాసులూ ఒకే రంగులో ఉండాలని. తరవాత తరవాత ఆయనే వేసేవారు కూడా.

ఇన్‌స్టంట్ పొడి వచ్చాక చాలా ఇళ్ళలో ఫిల్టరు అటకెక్కింది. నేను దాన్ని తక్కువ చెయ్యను. ఉద్యోగానికి పరిగెత్తే పిల్లకి అది ఎంత సాయమో నాకు తెలుసు. మన తెనాలి పక్కన, పసుపు యార్డున్న దుగ్గిరాలలో తొంభైల్లో పెట్టిన ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ నుంచి ఎన్నో దేశాలకి సరుకు వెళ్తోంది. కానీ డికాషన్ చేసే పని అది చెయ్యదు, దాని రుచి వేరు.

మన అరకు కాఫీ ఉంది చూడండి, అది నాకు మరీ గర్వం. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించుకుని, గిరిజనులు పండిస్తారు. సరిగ్గా ఇప్పుడే, ఈ చలిలోనే, ఎర్రబడ్డ పళ్ళు ఏరి ఏరి చేత్తో కోస్తుంటారు వాళ్ళు. పచ్చివీ పండువీ కలిపి దూసేస్తే కాఫీ చెడుతుంది కాబట్టి ఒక్కో చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అత్తగారు మైసూరు గింజ అనే పేరే విన్నారు, మన కొండగింజ రుచి చూడలేదు.

ఆవిడ చివరి రోజుల్లో మంచం పట్టారు. నేను హైదరాబాదునుంచి వచ్చి దగ్గరే ఉన్నాను. ఒక పొద్దున్న ఇంట్లో ఎవరూ లేవకముందే, అప్పుడే ఆడించిన పొడితో డికాషన్ వేసి, మొదటి పొంగు పాలతో కలిపి, గ్లాసు వేడి తగ్గకుండా ఆవిడ నోటికి అందించాను. రెండు గుక్కలు తాగి నావైపు చూశారు. "ఇంత బాగుంటుందటే?" అన్నారు. ఆ ఊళ్ళో ఆవిడ చేతి కాఫీ తాగని పెద్దమనిషి లేడు. నలభై ఏళ్ళపాటు ఆవిడకి దాని వాసనే దక్కింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నేను ఎవరికీ రెండో డికాషన్ పొయ్యలేదు, పోసుకోలేదు. పొడి చాలకపోతే గ్లాసులు చిన్నవి తీశాను.

ఫిల్టరు వంటింట్లో కుడివైపు పై అరలో ఉంది. అరకు పొడి నిన్ననే ఆడించి తెచ్చాడు మీ బాబాయి. నిద్ర లేవగానే నీళ్ళు పెట్టండి, మగపిల్లలు కూడా నేర్చుకోవాలి, ఒరేయ్ నీకే చెప్తున్నాను. అందరికీ సరిపడా పొడి ఒకేసారి వెయ్యండి. ఎవరు కలిపితే మొదటి గ్లాసు వాళ్ళు వేడివేడిగా తాగి, ఆ తరవాతే మిగతావాళ్ళకి పట్టుకెళ్ళండి. నాతో సహా.